పసుపు రాసిన రాయి

మొన్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బస్సు నిండా మా ఫ్యాక్టరీ చూడడానికి వచ్చారు. హెల్మెట్లు ఇస్తే అవి కళ్ళ మీదికి జారిపోతుంటే ఒక చేత్తో పైకి నెట్టుకుంటూ, రెండో చేత్తో ఫొటోలు తీసుకుంటూ తిరిగారు. రాతి దిమ్మల్ని పలకలుగా కోసే యంత్రాలు, పలకల్ని నున్నగా చేసే లైను, ఈ మధ్యే తెచ్చిన కెమెరా యంత్రం అన్నీ చూపించాం. పలక ఆ కెమెరా కింద నుంచి జారుతుంటే వెంట్రుకంత చీలిక ఉన్నా తెర మీద ఎర్రగా గీత పడుతుంది. చివర్లో సమోసాలు, టీ పెట్టి కూర్చోబెడితే వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడం, మీ కెరీర్‌ని మార్చేసిన టెక్నాలజీ ఏది?" అని అడిగింది. ఆలోచించకుండా "ఎండ" అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. వాళ్ళ సారు మాత్రం సోలార్ పవర్ కాబోలు అనుకుని బుద్ధిగా తలూపాడు. నేను వివరం చెప్పేలోపే డ్రైవరు హారన్ కొట్టాడు, పిల్లలు సమోసాలు చేత్తో పట్టుకుని పరుగెత్తారు. ఆ అమ్మాయికి బాకీ పడిన జవాబు నాకు అప్పటినుంచీ మనసులో మెదులుతూనే ఉంది. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

మాది కోటబొమ్మాళి. నాన్న దానియేలు, మా బాప్టిస్టు సంఘానికి పెద్ద. మెరక మీద కొద్దిగా వరిపొలం, ఇంటి వెనక రెండు గేదెలు, తలుపు పక్కన మేకుకి వేలాడే బైబిలు సంచీ. ఇదీ ఆయన ఆస్తి. తెల్లారకముందే ఆయన గొంతుతోనే మాకు మెలకువ వచ్చేది. ఆయన ప్రార్థన అంటే వీధంతా వినపడాలి, అందులో వీధంతా ఉండాలి. ఎదురింటి ముసలాయన దగ్గు, పక్కింటి గేదె ఈత, జలంత్రకోటలో ఉన్న మా మేనత్త మోకాళ్ళు, వరసగా ఎవర్నీ వదలకుండా దేవుడికి అప్పజెప్పేవాడు. ఆ పేర్లన్నీ అయ్యేసరికి మా ముందు పెట్టిన చద్దన్నంలో మజ్జిగ పులిసిపోతుందేమో అనిపించేది. అమ్మ ఒంటికన్ను తెరిచి పొయ్యి వైపు చూసేది, నేను ఒంటికన్ను తెరిచి అమ్మ వైపు చూసేదాన్ని. అమ్మ మార్తమ్మకి వారమంతా ఒక ఎత్తు, శనివారం ఒక ఎత్తు. ఆదివారం గుడికి అందరూ తెల్లబట్టలతోనే వెళ్ళాలి కాబట్టి శనివారం మా ఇల్లు చాకిరేవే. సబ్బు వాసన, గంజి వాసన, నీలిమందు వాసన కలిసి ఇల్లంతా పట్టేసేవి. కంచె నిండా తెల్లచీరలు, తెల్లపంచెలు ఆరేసి, వాటి మీదికి కోళ్ళు ఎగరకుండా కర్ర పట్టుకుని అమ్మ అరుగు మీద కూర్చునేది. మేనత్త జలంత్రకోట నుంచి పంపిన పనసకాయ కొట్టి కూర వండేది కూడా ఆ పూటే. ఇప్పటికీ సబ్బు వాసన తగిలితే నాకు పనసపొట్టు కూర గుర్తొస్తుంది.

డిగ్రీ అయ్యాక నన్ను పంతులమ్మని చెయ్యాలని నాన్న కోరిక. మా సంఘంలో చదువుకున్న ఆడపిల్లకి తెలిసిన దారులు రెండే, పంతులమ్మ, నర్సు. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి కాబట్టి మొదటిదే ఖాయమైంది. ట్రైనింగులో సీటు వచ్చేలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని పలాసలో కంప్యూటర్ కోర్సులో చేరాను. పొద్దున్న పాసింజరు బండిలో వెళ్ళి, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేదాన్ని. పలాసలో దిగగానే జీడిగింజలు కాల్చే పొగ వాసన గుప్పున కొట్టేది. కంప్యూటర్లున్న గది గుమ్మంలో చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాలి. లోపల ఏసీ, యంత్రాల మీద గుడ్డ ముసుగులు. మేస్టారు ముసుగు తీసేటప్పుడు కూడా అంత మెల్లగా తీసేవాడు, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. యంత్రం అంటే భయభక్తులు ఉండాలని నాకు అక్కడే నేర్పారు. అది మరిచిపోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ కోర్సు చేసిన ధైర్యంతోనే టెక్కలిలో గున్నయ్యగారి గ్రానైటు యూనిట్‌లో ఉద్యోగానికి చేరాను. యూనిట్ అంటే రేకుల షెడ్డు, అందులో కోత యంత్రం ఒకటి, చేత్తో నడిపే పాలిషింగ్ యంత్రాలు కొన్ని. మా ప్రాంతం కొండల్లో దొరికే నీలిబూడిద రంగు రాయికి బయట దేశాల్లో మంచి పేరు. కానీ ఆ పేరు, లాభం మద్రాసు వ్యాపారులవి, రాతిపొడి మాది. గున్నయ్యగారు కొండ మీద రాళ్ళు కొట్టే పనితో మొదలుపెట్టి షెడ్డు దాకా వచ్చిన మనిషి. కోపం వస్తే అరుస్తాడు, అరిచిన వెంటనే టీ తాగమంటాడు. పాలిషింగ్ మేస్త్రీ అప్పలస్వామి. అతను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా యంత్రం చెయ్యి పట్టుకుని, నడుం వంచి, నీళ్ళలో నిలబడి, గరుకు సానరాయి తీసి నున్నటి సానరాయి పెడుతూ, పలక మీద తన ముఖం కనపడేదాకా రుద్దేవాడు. "అద్దం కొనుక్కోనక్కర్లేదు సూడమ్మా, నా గెడ్డం ఇక్కడే గీసుకుంటాను," అనేవాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు నడుం నిటారు కావడానికి షెడ్డు స్తంభం పట్టుకుని కాసేపు నిలబడేవాడు. నేను ఉత్తరాలు టైపు చేసే పనికి చేరాను గానీ, చూస్తూ చూస్తూ ఆ రాయి మీద నాకు ఇష్టం పుట్టింది. కొండలో మొద్దులా ఉన్న దిమ్మ, కోశాక లోపల మబ్బుల్లాంటి తెల్ల చారలు చూపించడం నాకు ఎన్నిసార్లు చూసినా విసుగు వచ్చేది కాదు.

నేరుగా బయటి దేశానికి అమ్ముకుంటే ఏం అని గున్నయ్యగారి చెవిలో వేసింది నేనే. పలకల్ని స్టూడియో వాడితో ఫొటో తీయించి, పలాసలో ఇంటర్నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి, ఈమెయిళ్ళు పంపేదాన్ని. ఆ మోడెం గీ గీ అని కూస్తుంటే సెంటర్ కుర్రాడికంటే నాకే ఎక్కువ గుండెదడ. చాలా రోజులకి ఒక కంపెనీ జవాబిచ్చింది. ఏదో ఊళ్ళో కట్టే పెద్ద భవనం గోడకి, ఒకే దిమ్మ నుంచి కోసిన పలకలు వరసగా కావాలిట. చారలు ఒక పలక నుంచి ఇంకో పలకకి కలిసిపోవాలి. పలకలు సిద్ధమయ్యాక మద్రాసు నుంచి వాళ్ళ మనిషి వచ్చి చూసి, సరేనంటేనే ఓడ ఎక్కుతాయి. గున్నయ్యగారు ఉన్నదంతా దాని మీద పెట్టేశాడు. "సువార్తమ్మా, ఇది ఎక్కితే మనం కంపెనీ. ఎక్కకపోతే షెడ్డుకి తాళం," అన్నాడు. ఇంట్లో నాన్న కూడా అప్పుడే ఒక గీత గీశాడు. ట్రైనింగులో సీటు వచ్చింది, దసరా తర్వాత చేరాలి.

"ఆ రాళ్ళ దుమ్ములో ఆడపిల్లకి ఏటి బతుకమ్మా? సరే, నీ ముచ్చటెందుకు కాదనాల. ఆ ఆర్డరు ఎల్తే నాను మాటాడను. పోతే బేగి పెట్టె సర్దీసుకుని ట్రైనింగుకి ఎల్లిపోవాల," అన్నాడు.

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానే గానీ, పొద్దున్న ప్రార్థనలో దగ్గుకీ గేదెకీ ఉన్న చోటు నా ఫ్యాక్టరీకి లేకపోవడం మాత్రం నన్ను గుచ్చేది. ఊరందరి పనులూ దేవుడికి చెప్పేవాడు నా పని ఒక్కటే దాటవేసేవాడు.

పలకలన్నీ తయారై, షెడ్డులో చెక్క ఊతలకి వరసగా ఆనించిన రోజుల్లోనే విశ్వకర్మ పూజ వచ్చింది. మా వైపు యంత్రం ఉన్న ప్రతిచోటా ఆ పూజ ఉంటుంది, బస్సు షెడ్డు నుంచి వెల్డింగు కొట్టు దాకా. యంత్రాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, బూందీ పంచారు. నాకూ పెద్ద పొట్లం ఇచ్చారు. బూందీకి మతం ఏముంది, శుభ్రంగా తిన్నాను. అందరం మధ్యాహ్నానికే ఇళ్ళకి వెళ్ళిపోయాం. మిగిలింది గున్నయ్యగారి అమ్మ చిట్టెమ్మగారు. ఆవిడకి పూజ ఎవరు చేసినా తను మళ్ళీ ఒకసారి చెయ్యకపోతే తృప్తి ఉండదు. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి షెడ్డు ముందు అందరూ గుమిగూడి ఉన్నారు. వరసలో మొదటి పలకకి నడుం దగ్గర అడ్డంగా, ఈ చివర్నుంచి ఆ చివరికి, బెత్తెడు వెడల్పున పసుపు. ఇంటి గడపకి రాసినట్టు ఎంతో శ్రద్ధగా, అంచులు కూడా వంకర పోకుండా రాసి, మధ్యమధ్య కుంకుమ బొట్లు పెట్టి ఉంది.

"అమ్మా, ఏటి సేసినావే!" అని గున్నయ్యగారు తల పట్టుకున్నాడు.

"ఏటి సేసినాను? సముద్రం దాటెల్లే రాయి. ఆడపిల్లని అత్తోరింటికి పంపినప్పుడు ఒట్టి ముకంతో పంపుతామేటి? పసుపు రాసి బొట్టెట్టినాను. అన్నిట్లకీ రాద్దునే, నడుం పట్టీసింది," అంది చిట్టెమ్మగారు. ఆవిడ నడుం పట్టడం వల్లే మేం ఇవాళ ఇలా ఉన్నాం అని గున్నయ్యగారు తర్వాత ఎన్నోసార్లు అనేవాడు.

కుంకుమ తుడిస్తే పోయింది. పసుపు పోలేదు. రాయి పైకి అద్దంలా ఉన్నా దాని ఒంటికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ముద్దగా కలిపిన తడిపసుపు రాత్రంతా వాటిల్లోకి దిగిపోయింది. తెల్లచారలున్నచోట పచ్చగా, నీలం ఉన్నచోట ఆకుపచ్చగా, పట్టీ కట్టినట్టు మరక. అప్పలస్వామి వంగి చూసి, "ఓలమ్మో, రాయికి పచ్చకామెర్లు వచ్చీసినాయి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత రెండు మూడు రోజులు ఆ పలకకి జరిగిన వైద్యం అంతా ఇంతా కాదు. సబ్బు, నిమ్మకాయ, చింతపండు, బట్టల సోడా, బ్లీచింగు పొడి, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. యాసిడ్ పోద్దామని ఒకడు సీసా పట్టుకొస్తే అప్పలస్వామి కర్ర తీసుకుని తరిమాడు. మళ్ళీ రుద్ది పాలిష్ చేస్తే మందం తగ్గి, పక్క పలకలతో ఎత్తు కలవదు. వేరే దిమ్మ నుంచి ఇంకోటి కోస్తే చారలు కలవవు. మద్రాసు మనిషి ఆ వచ్చే వారమే వస్తున్నాడు. చిట్టెమ్మగారు అన్నం మానేసి షెడ్డు మూల కూర్చుంది. నేను ఇంటికి వచ్చి, మాట్లాడకుండా నా పెట్టె దించి దులిపాను.  నాన్న అది చూస్తూనే గేదెలకి గడ్డి వెయ్యడానికి వెళ్ళిపోయాడు, అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఆ శనివారం అమ్మ బట్టలు ఉతుకుతోంది. నా తెల్లచీర కుచ్చిళ్ళ మీద ముందు వారం గుడిలో జరిగిన ప్రేమవిందులో పడిన సాంబారు మరక పచ్చగా అలాగే ఉంది. అమ్మ దాన్ని రుద్దనే లేదు, అలాగే పిండి కంచె మీద పడేసింది.

"మరక ఉండిపోయింది గదమ్మా," అన్నాను.

"పసుపు మరక్కి రుద్దుడేటే? ఎండ తగిల్తే అదే పోద్ది. ఈ మబ్బులు ఎప్పుడు ఇడతాయో మరి," అంది అమ్మ, ఆకాశం వైపు విసుగ్గా చూస్తూ.

ఈ సంగతి నాకు తెలియంది కాదు. మా ఇంట్లో, గున్నయ్యగారి ఇంట్లో, బట్టలుతికే ప్రతి ఇంట్లో తెలిసిందే. బట్ట సంగతి రాయికి పనికొస్తుందని మా ఎవరి బుర్రకీ తట్టలేదు, అంతే. తడిచేతుల్తోనే బస్సెక్కి టెక్కలి వెళ్ళాను. గున్నయ్యగారు విని, "రాయేమైనా సీరా అమ్మా, కంచె మీద ఆరేయడానికి?" అన్నాడు. అన్నాడే గానీ, అప్పలస్వామి అప్పటికే గొలుసులు సర్దుతున్నాడు. పలకని మెల్లగా బయటికి తెచ్చి, షెడ్డు ముందున్న ఖాళీ చోట ఆకాశానికి ముఖం పెట్టి ఆనించారు. అందరం తలెత్తి చూశాం. పైన ఎండ లేదు. అప్పటికి పది రోజులై మబ్బు అలాగే పట్టి ఉంది, కురవదు, విడవదు. కొబ్బరితోటల మీద బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది.

మర్నాడు ఆదివారం. గుడిలో వాన కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. మా సంఘంలో సగంమందికి పొలాలే ఆధారం, నాట్లు వేసి నీళ్ళు లేక నారు పాలిపోతోంది. ప్రార్థన నడిపించేది నాన్నే. ఆయన ముందుకు వెళ్ళి చేతులెత్తి, ఎండిన నేల గురించి, ఆకలి గురించి, మబ్బుల్ని విప్పి వాన కురిపించమని గొంతు వణికేలా అడిగాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. అందరూ "ఆమెన్" అంటున్నారు. నేను తలమీద కొంగు కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, మద్రాసు మనిషి వచ్చేదాకా ఎండ ఇవ్వు, తర్వాత ఎంత వానైనా కురిపించుకో," అని అడిగాను. నా పక్కన కూర్చున్న అమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. పెదవులు కదిలాయి కాబోలు.

సోమవారం పొద్దున్న టెక్కలి బస్సులోంచి చూస్తుంటే కొండల అవతల మబ్బు చీలింది. నేను షెడ్డు చేరేసరికి కళ్ళు చెదిరే ఎండ. ఆ వారం అంతా కాసింది. అప్పలస్వామి తన పని మానుకుని, సూర్యుడు ఎటు తిరిగితే అటు పలకని తిప్పడమే పనిగా పెట్టుకున్నాడు. చిట్టెమ్మగారు గొడుగు వేసుకుని పక్కనే పీట మీద కూర్చుని కాకుల్ని తోలేది, ఎవరి నీడైనా పలక మీద పడితే వాళ్ళ వంశం మొత్తాన్ని తిట్టేది. "ఒలే సువార్తా, నివ్వు ఇటు రాకే, నీ నీడ లావు," అని నన్ను కూడా తరిమింది. మొదటి రోజు తేడా తెలియలేదు. రెండో రోజుకి ఆకుపచ్చ పోయి లేత పసుపు అయింది. తర్వాత అదీ వెలిసింది. మరక ఉన్న చోటు తెలిసినవాళ్ళు వెతికితే తప్ప కనపడని స్థితికి వచ్చింది గానీ, తెల్లచార ఒకదాని మీద మాత్రం ఇంకా ఒక నీడలాంటిది మిగిలింది. సరిగ్గా అప్పుడే జీపు ఆగి మద్రాసు మనిషి దిగాడు.

పలకల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, ఒకటి బయట ఉండడం చూసి ఆగిపోయాడు. "ఇదొక్కటి ఎండలో ఎందుకు పెట్టారు?" అన్నాడు.  అప్పలస్వామి ఆకాశం చూస్తున్నాడు. చిట్టెమ్మగారు పీట మీంచి లేవబోతుంటే నేను అడ్డం వెళ్ళాను.

"షెడ్డులో రాయి రంగు సరిగ్గా తెలీదు సార్. మీ భవనం గోడకి బయటే కదా పెడతారు, ఎండలో ఎలా ఉంటుందో చూపిద్దామని," అన్నాను.

ఆయన నా వైపు ఒక క్షణం చూసి, నీళ్ళు తెప్పించి పలక మీద పోయించాడు. తడికి రాయి నీలం ఒక్కసారి వెలిగింది. వంగి, అరచేత్తో నిమిరి, చారల మీద వేలితో గీస్తూ చివరిదాకా వెళ్ళాడు.  "మిగతావి కూడా బయటికి తీయించండి. రాయిని ఇలాగే చూపించాలి. ఇంకెక్కడా ఎవరూ ఇలా చూపించడం లేదు," అన్నాడు. అన్నీ బయటికి వచ్చాయి. అన్నీ ఓడ ఎక్కాయి. ఆయన జీపు మలుపు తిరగగానే గున్నయ్యగారు నన్ను పొగుడుతాడనుకుంటే, "అబద్ధం అంత గబుక్కున ఎలా వచ్చింది నీకు, పార్థన చేసుకునే పిల్లవి?" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఎండలో రంగు బాగా తెలుస్తుంది అన్నాను. ఆనాటినుంచి మా దగ్గర కొనుగోలుదారులకి పలకల్ని పట్టపగలు, ఆరుబయటే చూపిస్తాం. మిగతా వ్యాపారులు అదేదో మా గొప్ప పద్ధతి అనుకుని తర్వాత తర్వాత వాళ్ళూ మొదలుపెట్టారు. ఏ తెలివితేటల్లోంచి వచ్చిందో మాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాం.

ట్రైనింగు మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. మాట అంటే మాటే. కానీ ఆ దసరా దాటగానే సంఘ పెద్దగా ఉండనని దిగిపోయాడు. ఎవరడిగినా వయసొచ్చింది అనేవాడు. అప్పటికి ఆయన గేదెల్ని పరుగెత్తించి పట్టుకునే వయసులోనే ఉన్నాడు. కూతురు ఆఫీసంటూ లారీల మధ్య, మగవాళ్ళ మధ్య తిరగడం సంఘంలో ఆయనకి తలవంపుగా ఉందేమో అని నేను అనుకున్నాను. బాధపడ్డాను, అడగలేదు. వాన ఆ తర్వాత వచ్చింది, పల్లపు పొలాలు తేరుకున్నాయి. మా మెరకకి మాత్రం ఆలస్యమైపోయింది.

నా ఉద్యోగం అక్కడ్నుంచి దానంతటదే పెరిగింది. ఉత్తరాలు టైపు చేసే మనిషిని, కొనేవాళ్ళతో మాట్లాడే మనిషినయ్యాను, తర్వాత షెడ్డు నడిపే మనిషిని, ఆ తర్వాత గున్నయ్యగారు నన్ను వాటాదారుని చేశాడు. ఈ మధ్యలో నేర్చుకున్నదేమిటని పిల్లలు అడిగితే నా దగ్గర పెద్ద సిద్ధాంతాలు లేవు. పలాసలో ముసుగు తీసిన కంప్యూటర్ ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొత్త యంత్రం రాగానే మన ఇంట్లో, మన పెరట్లో తెలిసిన సంగతులన్నీ పనికిరానివి అనుకునే భయం అది. ఆ భయం పోయాకే నాకు యంత్రాలు బాగా అర్థమయ్యాయి. ఆటోమేటిక్ పాలిషింగ్ లైను తెద్దామన్నప్పుడు షెడ్డులో అందరూ నన్ను అనుమానంగా చూశారు. మనుషుల్ని తీసేస్తుందని పుకారు లేచింది. నేను అప్పలస్వామిని పిలిచి, "నడుం వంచకుండా పని చెయ్యడం నీకు ఇష్టమా, కాదా?" అని అడిగాను. "ఇష్టమేనమ్మా, కానీ నా ముకం ఎక్కడ సూసుకోవాల?" అన్నాడు. లైను నడపడం అతనికే నేర్పించాను. ఒక్కరినీ తీసెయ్యలేదు. ఇప్పుడు మా కెమెరా యంత్రం పట్టలేని మరక లేదు. కానీ మరక ఎలా పోగొట్టాలో అది చెప్పదు, ఎవరు రాశారో, ఎంత ప్రేమతో రాశారో అసలే చెప్పదు. అప్పటి షెడ్డులో దుమ్ము ఎక్కువ, భద్రత తక్కువ, అది మళ్ళీ రావాలని నేను కోరుకోను. కానీ ఒక పలక చుట్టూ అంతమంది తలెత్తి ఆకాశం వైపు చూడడం ఇప్పుడు లేదు. అది ఉంటే బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ ఆటోమేటిక్ లైను ప్రారంభించే రోజున గున్నయ్యగారు నాన్నని పిలిపించాడు. చిట్టెమ్మగారు కొబ్బరికాయ కొట్టింది, రాళ్ళకి దూరంగా. తర్వాత గున్నయ్యగారు, "దానియేలుగారూ, మీ పద్ధతిలో మీరు కూడా ఒక మాట సెప్పండి దేవుడికి," అన్నాడు. నాన్న లేచి నిలబడి ప్రార్థించాడు. ఆయన జీవితంలో అంత పొట్టి ప్రార్థన నేను వినలేదు. రెండు మాటల్లో ముగించి కూర్చున్నాడు. మధ్యాహ్నం నా స్కూటీ వెనక ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్తున్నాను. ఊరు దగ్గర పడ్డాక, మా మెరక పొలం పక్కగా వెళ్తుంటే వెనక నుంచి మెల్లగా మాట వినిపించింది.

"అమ్మా సువార్తా, నీ రాయికి పసుపంటుకున్న యేడు గుడిలో వాన పార్దన సేసినాను, గేపకం ఉందా?"

"ఎందుకు లేదు నాన్నా? నువ్వు వాన అడుగుతుంటే నేను కొంగు చాటున ఎండ అడిగాను. నా పాపం ఇప్పటికి నీకు చెప్పేశాను," అని నవ్వాను.

"మీ అమ్మ అప్పుడే సెప్పింది," అన్నాడు. గొంతు తగ్గించి, "నానూ ఎండే అడిగినానమ్మా," అన్నాడు.

బండి కొంచెం ఊగింది. సర్దుకున్నాను.

"నోటితోటి వానే అడిగినాను. అందరూ ఆమెన్ అన్నారు. లోపల మటుకు, మా గుంట సువార్త రాయి మీద ఎండ పడనీ సామీ అనే అడిగినాను. అంతకు ముందే నివ్వు పెట్టె దించి దులపడం సూసినాను, రాయిని ఎండకి పెట్టినారని ఇన్నాను గదా. నోరొక దారి, మనసొక దారి పోనాయి. అలాటోడు సంఘం ముందర నిలబడి పార్దన సెయ్యకూడదని దిగిపోనాను."

ఇన్నేళ్ళూ ఆయన నా వల్ల తలవంపు పడ్డాడని అనుకున్నాను. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, "మన మెరక ఎండిపోయింది గదా నాన్నా ఆ యేడు," అన్నాను.

"ఎండితే ఎండింది. ఒక్క పంటే గదా."

"మరి పొద్దున్న ప్రార్థనలో ఒక్కరోజైనా నా ఫ్యాక్టరీ పేరు ఎత్తలేదేం? ఎదురింటి దగ్గు కన్నా తీసిపోయిందా?"

"పైకి అడిగితే నీకు ఇనిపించెయ్యదేటి? ఇనిపిత్తే నాను ఓడిపోనట్టే గదా," అన్నాడు ఆయన. నా భుజం మీద పెట్టిన చెయ్యి నవ్వుకి కదులుతోంది. ఇల్లు చేరేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. గుమ్మంలో అమ్మ నా ముఖం చూసి కళ్ళెందుకలా ఎర్రగా ఉన్నాయని అడిగితే, దారంతా ఎదురుగాలి అని చెప్పాను.